కుంకుడు రసం, కలరా ఉండలు: పసిపిల్లల స్నానం గురించి మీ ప్రశ్నలు

ప్రశ్న: మా పాపకు ఏడాదిన్నర. రోజూ ఉదయం మా అత్తగారు పాప ఒంటికి నువ్వుల నూనె పట్టించి, సున్నిపిండితో గట్టిగా రుద్ది, పొగలు కక్కే నీళ్ళు పోసి, చివర సాంబ్రాణి పొగ వేస్తారు. నెల రోజులుగా పాప మోచేతి మడతల్లోనూ మోకాళ్ళ వెనకా చర్మం గరుకెక్కి ఎర్రబడుతోంది. మాది బోరు నీరు, సబ్బు నురగే రాదు. నలుగు మానేయమంటే పెద్దావిడ నొచ్చుకుంటారేమోనని నోరు విప్పలేకపోతున్నాను.
– ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: మీ అత్తగారి పద్ధతిలో నూనె భాగం మంచిదే. నువ్వుల నూనెగానీ కొబ్బరి నూనెగానీ గోరువెచ్చగా చేసి అరచేత్తో నెమ్మదిగా మర్దనా చేస్తే బిడ్డకు హాయిగా ఉంటుంది, చర్మంలోని తడి కూడా నిలుస్తుంది. ఇబ్బంది ఆ తరవాతే మొదలవుతోంది. సున్నిపిండి ఎంత మెత్తగా విసిరినా దానికి గరుకుదనం ఉంటుంది. రోజూ దానితో రుద్దితే, పెద్దవాళ్ళ చర్మం కంటే ఎంతో పల్చగా ఉండే పసిచర్మం పైపొర చెదిరి, లోపలి తడి ఆవిరైపోతుంది. మీరు చెప్పిన మోచేతి, మోకాలి మడతలు ఎగ్జిమా (చర్మం ఎండి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఎక్కువగా కనిపించే చోట్లు. ఎరుపు తగ్గేవరకు నలుగు పూర్తిగా ఆపండి. ఆ తరవాత భోగికో పుట్టినరోజుకో పరిమితం చేసుకోవచ్చు. అక్కడ రసి కారినా, రాత్రి నిద్ర లేచి గోక్కుంటున్నా పిల్లల డాక్టరుకు చూపించాలి.

నీటి సంగతికి వస్తే, పొగలు కక్కే నీళ్ళు ఒంటికి మంచివన్న నమ్మకం వదులుకోవాల్సిందే. నీరు ఒంటి వేడికి దగ్గరగా, 37, 38 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. బకెట్టులో ముందు చన్నీళ్ళు పట్టి, తరవాతే వేణ్ణీళ్ళు కలపండి. వంట చేసి చేసి వేడికి అలవాటు పడిన అరచేతిని నమ్మకుండా, మోచేతిని ముంచి చూడండి. అక్కడ వెచ్చగానూ కాక, చల్లగానూ కాక ఉంటే ఆ నీళ్ళు పోయవచ్చు.

మీ బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉన్నట్టున్నాయి. అవి సబ్బుతో కలిసి తెల్లటి తెట్టుగా మారి చర్మం మీద మిగిలిపోతాయి. నురగ రాలేదని మనం ఇంకాస్త సబ్బు రుద్దితే ఆ తెట్టు ఇంకాస్త పెరుగుతుంది. పైగా మామూలు సబ్బుకు క్షారగుణం ఎక్కువ, చర్మానిది స్వల్ప ఆమ్లగుణం. కాబట్టి పసిపిల్లల కోసం అమ్మే, సబ్బు కాని, వాసన లేని ద్రవాన్ని చంకలు, మెడ మడతలు, గజ్జలు, అరికాళ్ళు, డైపరు కట్టే చోటు వరకే వాడండి. చేతులకు, వీపుకు ఒట్టి నీళ్ళు చాలు. నీళ్ళు మరిగించినప్పుడు గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుందంటే ఆ మేరకు నీటి కాఠిన్యం, అంటే ఆ లవణాల పాలు, తగ్గినట్టే. అలా మరిగించి, చల్లార్చి, తేర్చిన నీటిని చివరి రెండు చెంబులకు వాడుకోవచ్చు.

సాంబ్రాణి పొగ మాత్రం వద్దు. తల ఆరడానికి పొడి తువ్వాలు సరిపోతుంది, పొగ ఏదైనా పసిఊపిరితిత్తులకు పొగే. అలాగే నూనె చుక్కలు ముక్కులో, చెవుల్లో వేసే అలవాటు ఉంటే అది కూడా ఆపాలి. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా తెప్పించగలదు.

ఇక పెద్దావిడ నొచ్చుకోవడం గురించి. నలుగు మానేయమని సూటిగా చెప్పకండి, దాని బదులు స్నానం తరవాత నూనె రాయమని అడగండి. స్నానం ఐదు నుంచి పది నిమిషాల్లో ముగించి, తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒళ్ళు ఇంకా కొంచెం చెమ్మగా ఉండగానే కొబ్బరి నూనె రాయడం ఎగ్జిమా ఉన్న చర్మానికి ఎక్కువ మేలు. ఆ పని ఆవిడకే అప్పగించండి. మనవరాలికి నూనె రాసే హక్కు ఆవిడకే ఉన్నప్పుడు, అది స్నానానికి ముందా తరవాతా అన్నది పెద్ద తగాదా కాదనే నా అనుభవం.

ప్రశ్న: మా వాడికి రెండేళ్ళ మూడు నెలలు. ఆదివారం తలంటు అంటే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తాడు. మా అమ్మ కుంకుడు రసమే వాడాలంటుంది, మా ఆవిడ రోజూ షాంపూ పెట్టాలంటుంది. తడి తలతో జలుబు చేస్తుందని ఇద్దరికీ భయమే. స్నానం చేయించేది నేనే. వాడు టబ్బులో ఆడుకుంటున్నప్పుడు ఫోను మోగితే ఒక్క నిమిషం బయటికి వెళ్ళవలసి వస్తుంది.
– ఒక తండ్రి, హైదరాబాదు

జవాబు: మీరు చివర రాసిన మాటకే ముందు జవాబు చెప్తాను. ఆ ఒక్క నిమిషం వెళ్ళకూడదు. రెండేళ్ళ బిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువు ఎక్కువ. వంగి తల కిందులుగా పడితే తనంతట తాను లేవలేడు, అరవనూ లేడు. మునగడానికి టబ్బు నిండా నీళ్ళు అక్కర్లేదు, బకెట్టు అడుగున జానెడు నీళ్ళు చాలు. ఫోను మోగనివ్వండి, లేదా వాణ్ణి తువ్వాలులో చుట్టుకొని వెంట తీసుకువెళ్ళండి. స్నానం అయిన వెంటనే టబ్బూ బకెట్టూ బోర్లించండి. మీ ఇంట్లో బకెట్టులో రాడ్డు పెట్టి నీళ్ళు కాచే పద్ధతి ఉంటే, అది పనిచేస్తున్నంతసేపూ స్నానాల గదికి బయటినుంచి గొళ్ళెం ఉండాలి. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకాకే నీళ్ళను ముట్టుకోవాలి. 60 డిగ్రీల నీరు పసిచర్మాన్ని ఒకటి రెండు సెకన్లలోనే లోతుగా కాల్చేస్తుంది. పొరపాటున కాలితే ఇంకు, టూత్‌పేస్టు, పసుపు ఏదీ పూయకుండా, కాలిన చోటును ఇరవై నిమిషాలపాటు ధారగా పడే చల్లటి కుళాయి నీటి కింద ఉంచి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఐసు పెట్టకండి.

ఇప్పుడు తలంటు. కుంకుడుకాయలో నురగ పుట్టించే సపోనిన్లు జుట్టుకు చెడ్డవి కావు, కంటికి చెడ్డవి. రసం కంట్లో పడితే మంట మాత్రమే కాదు, కంటి నల్లగుడ్డు మీది సున్నితమైన పొర కూడా దెబ్బతింటుంది. మీ వాడి ఏడుపు మారాం కాకపోవచ్చు. పోయిన ఆదివారం మంట వాడికి గుర్తుండి ఉంటుంది. మూడు నాలుగేళ్ళు వచ్చి, కళ్ళు మూసుకో అంటే మూసుకునే దాకా కుంకుడు రసం పక్కన పెట్టి, కళ్ళు మండని పిల్లల షాంపూ వాడండి. ఒకవేళ రసం పడితే కన్ను నలపకుండా పది పదిహేను నిమిషాలు మంచినీళ్ళతో కడిగి, ఎరుపు తగ్గకపోతే కంటి డాక్టరుకు చూపించాలి.

రోజూ షాంపూ అవసరం లేదు. వారానికి రెండు సార్లు చాలు. మే నెలలో తల చెమటతో నానుతుంటే మిగతా రోజుల్లో ఒట్టి నీళ్ళు పోస్తే సరి. ఎండాకాలంలో మాడుకు జిడ్డుగా నూనె పట్టించి వదిలేస్తే సెగగడ్డలు లేచే అవకాశం ఉంది కాబట్టి, పెట్టిన నూనె అదే రోజు కడిగేయండి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, తడి తల వల్ల కాదు. తల తడిగా ఉంటే బిడ్డకు చలి వేస్తుంది, అది నిజం. వెంటనే తుడవడానికి ఆ కారణం చాలు.

ఏడుపు తగ్గే ఉపాయం మీ అమ్మగారి తరం దగ్గరే ఉంది. వాళ్ళు పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకొని, బిడ్డను కాళ్ళ మీద వెల్లకిలా పడుకోబెట్టి నీళ్ళు పోసేవారు. నీళ్ళు నుదుటినుంచి వెనక్కి జారిపోయేవే తప్ప ముఖం మీదికి రావు. రెండేళ్ళ వాడు కాళ్ళ మీద ఇమడడు గానీ సూత్రం అదే. చిన్న తువ్వాలును పట్టీలా మడిచి కనుబొమల మీద ఆనించి, "పైన బల్లి ఉందా చూడు" అని తల పైకెత్తించి, మీ ఎడమ అరచేతిని నుదుటి మీద అడ్డుకట్టలా పెట్టి, మగ్గుతో కాకుండా చిన్న గ్లాసుతో వెనకనుంచి పోయండి. తరవాత వాడి చేతికి అదే గ్లాసిచ్చి బొమ్మకు తలంటమనండి. చిక్కులు తీసేటప్పుడు పళ్ళు వెడల్పుగా ఉన్న దువ్వెనతో, కుదుళ్ళను ఒక చేత్తో పట్టుకొని, కొసలనుంచి మొదలుపెట్టండి.

ప్రశ్న: తిరుపతిలో పుట్టువెంట్రుకలు తీయించాం. మూడు సార్లు గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని అంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: కాదు. ఒత్తుదనం మాడులోని కుదుళ్ళ లెక్కనుబట్టి ఉంటుంది, కత్తికి ఆ కుదుళ్ళు అందవు. కోసిన వెంట్రుక కొస మొద్దుగా ఉంటుంది కాబట్టి చేతికి దళసరిగా తోస్తుంది. మొక్కు మొక్కుకుంటే తీర్చుకోండి, జుట్టు కోసం మాత్రం ఏడ్పించకండి. గుండు మీద ఎక్కడైనా గాటు పడితే అది మానేదాకా అక్కడ గంధం పూయవద్దు.

ప్రశ్న: అంగన్‌వాడీకి వెళ్తున్న మా మూడేళ్ళ పాపకు పేలు పట్టాయి. పక్కింటావిడ కొబ్బరి నూనెలో కర్పూరం కలిపి పెట్టమంది, మా పెద్దమ్మ కిరోసిన్ రాయమంది. ఏది మంచిది?
– ఒక తల్లి, సూర్యాపేట

జవాబు: రెండూ వద్దు. కిరోసిన్ మాడును కాలుస్తుంది, దాని ఆవిరి పీల్చినా ప్రమాదమే, పక్కన దీపం ఉంటే చెప్పనక్కర్లేదు. కర్పూరాన్ని మాత్రం మనం దేవుడి గదిలో చూసి చూసి మందులాంటిది అనుకుంటాం. ఒక గ్రాము దరిదాపు కర్పూరం కడుపులోకి పోయినా ఈ వయసు పిల్లలకు మూర్ఛ రావచ్చు. చర్మం గుండా కూడా అది ఒంట్లోకి ఇంకుతుంది. తలకు పెట్టిన చేతిని పిల్లలు నోట్లో పెట్టుకోకుండా ఉండరు. కర్పూరం డబ్బా అందని ఎత్తులో ఉంచండి. బిడ్డ మింగిందని అనుమానం వస్తే వాంతి చేయించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

పేలకు 1 శాతం పర్మెత్రిన్ లోషను ఉంది. తల కడిగి, తువ్వాలుతో ఒత్తి, చెమ్మగా ఉండగా పట్టించి, పది నిమిషాల తరవాత కడిగేయాలి. ఈపులనుంచి పిల్లపేలు బయటికి రావడానికి వారం పైన పడుతుంది కాబట్టి తొమ్మిదో రోజున మరొకసారి పట్టించాలి. మందు ఇష్టం లేకపోతే, తడి జుట్టును పేల దువ్వెనతో మూడు నాలుగు రోజులకొకసారి పాయలు పాయలుగా రెండు వారాలపాటు ఓపికగా దువ్వవచ్చు. పేను ఎగరదు, దూకదు. తలకు తల తగిలితేనే పాకుతుంది. కాబట్టి ఇంట్లో అందరి తలలూ అదే రోజు చూడండి, ముఖ్యంగా పాపను పక్కలో వేసుకుని పడుకునేవాళ్ళవి. పేలు మురికివాళ్ళకే పడతాయన్న మాటతో పాపను చిన్నబుచ్చకండి.

ప్రశ్న: మా రెండోవాడికి పది నెలలు దాటాయి. పెద్దవాడి బట్టలు ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచాను. అవి ఉతకకుండా వేయవచ్చా? పిల్లల బట్టలు విడిగా ఉతకాలా? వానాకాలం మా ఊళ్ళో బట్టలు ఆరక ముక్క వాసన వస్తున్నాయి.
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: మీరు అడిగి మంచి పని చేశారు, ఎందుకంటే చాలామంది అడగకుండానే వేసేస్తారు. చాలా కలరా ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. జి6పీడీ అనే ఎంజైము పుట్టుకతో తక్కువగా ఉన్న పిల్లల్లో, ఎక్కువగా మగపిల్లల్లో, నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. బట్టల్లో పట్టిన ఆవిరి పీల్చినా, అది చర్మానికి తగిలినా ఇలా జరిగిన సందర్భాలు ఉన్నాయి. ఆ లోపం ఉన్నదీ లేనిదీ పరీక్ష చేయిస్తే తప్ప చాలా ఇళ్ళలో తెలియదు. మరొక సంగతి: నాఫ్తలీన్ నూనెలో కరుగుతుంది. ఒళ్ళంతా నూనె రాసి, పెట్టెలోంచి తీసిన స్వెట్టరు అప్పటికప్పుడు తొడిగితే అది మరింత సులువుగా ఒంట్లోకి ఇంకుతుంది.

అందుచేత ఆ బట్టలను ముందు ఒకటి రెండు రోజులు ఆరుబయట గాలికి, ఎండకు వేలాడదీయండి. తరవాత ఉతకండి. వాసన ఏ కొంచెం మిగిలినా మళ్ళీ ఆరవేసి, మళ్ళీ ఉతకండి. అప్పటికీ పోని ఉన్ని బట్టలను వాడకపోవడమే మేలు. బట్టలు వేసిన తరవాతి రెండు మూడు రోజుల్లో బిడ్డ పాలిపోయినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం టీ డికాక్షను రంగులో వచ్చినా, కలరా ఉండల సంగతి డాక్టరుకు మీరే గుర్తుచేసి చెప్పాలి. పెట్టెలోకి ఇకమీదట ఎండు వేపాకు మూట వేసి, బట్టలను పూర్తిగా ఆరబెట్టి మూత బిగుతుగా వేయండి. దొర్లిన ఉండ ఒకటి చక్కెర బిళ్ళలా కనిపించి నోట్లోకి వెళ్ళే భయం కూడా తప్పుతుంది.

విడిగా ఉతకడం అవసరం లేదు. మలం అంటిన గుడ్డలను మాత్రం ముందు చన్నీళ్ళలో జాడించి, తరవాత వేణ్ణీళ్ళలో వేరుగా ఉతకండి. బట్టలు మెత్తబడడానికి వేసే వాసన ద్రవాలు వద్దు, అవి వాడితే నూలు గుడ్డ తడి పీల్చే గుణం తగ్గుతుంది. యంత్రంలో ఒక జాడింపు ఎక్కువ పెట్టండి, సబ్బు పొడి సగానికి తగ్గించండి. గంజి పెట్టిన మెడపట్టీ పసిమెడను కోస్తుంది. కొత్త బట్టలు కూడా ఒకసారి ఉతికాకే వేయాలి. వానల్లో బట్టలను పిండి గుట్టగా వదలకుండా వెంటనే ఫ్యాను కింద ఎడంగా ఆరవేసి, చెమ్మ మిగిలితే ఇస్త్రీ చేయండి. వాసన వచ్చినవి మళ్ళీ ఉతకాల్సిందే, పౌడరు చల్లితే పోదు.

ప్రశ్న: చలికాలంలో మా ఇంట్లో హీటరు రాత్రింబవళ్ళు నడుస్తుంది. ఇండియానుంచి వచ్చిన మా అమ్మ రెండేళ్ళ మనవడికి రోజూ స్నానం చేయించాల్సిందే అంటోంది. చర్మం పొలుసులు లేస్తోంది.
– ఒక తల్లి, షికాగో

జవాబు: హీటరు గాలి చర్మాన్ని ఆరబెట్టేస్తుంది, చెమటా దుమ్మూ తక్కువ. అక్కడి చలికాలంలో వారానికి రెండు మూడు స్నానాలు చాలు. మిగతా రోజుల్లో ముఖం, చేతులు, మెడ, డైపరు చోటు తడిగుడ్డతో తుడిస్తే శుభ్రత లోపించదు. రోజూ నీళ్ళు పోయందే అమ్మగారికి మనసు నిలవకపోతే, సబ్బు లేకుండా ఐదు నిమిషాల గోరువెచ్చని స్నానం చేయించి, వెంటనే చిక్కటి వాసన లేని క్రీము ఒళ్ళంతా రాయమనండి. నీళ్ళు కాచే ట్యాంకు మీటను 120 ఫారన్‌హీట్ డిగ్రీలకు, అంటే మన లెక్కలో 49కి, మించకుండా ఒకసారి చూసుకోండి. స్నానాల గది కుళాయిని మీ వాడు ఇవాళో రేపో తనే తిప్పుతాడు.