రిజిస్టరులో ఆ పేరు కొట్టేసింది నేనే

"ప్రెస్బిటేరియన్ సంఘాల్లో కమిటీలు, నియమాలు పెరిగేకొద్దీ ఆత్మీయత తగ్గిపోతోంది. ఈ రెండూ ఒకచోట ఉండలేవా?" అని అడిగారు. ఆరేళ్ళు పెద్దల సభకు కార్యదర్శిగా చేశాను కనుక నా మాట చెబుతాను.

నేను పుట్టింది పాలకొల్లు దగ్గర, బ్రదరెన్ కుటుంబంలో. 1836లో ఇండియాకు వచ్చి, నరసాపురం కేంద్రంగా పనిచేసిన బౌడన్, బీర్ దంపతులు నాటిన సహవాసం అది. ఆదివారం రొట్టె విరవడానికి కూడుకునేవాళ్ళం. జీతం తీసుకునే పాస్టరు లేడు, పైన అధికారం లేదు. నియమాలు లేవు కాబట్టి ప్రేమ పొంగిపొర్లేదని అనుకోకండి. నా చిన్నతనంలో ఒక తగాదా వస్తే తీర్చేవాళ్ళు లేక, ఇద్దరు అన్నదమ్ములు ఎదురెదురు పాకల్లో ఆరాధన పెట్టుకున్నారు. ఇటు పాడే పాట అటు వినబడేది.

అందుకే పెళ్ళయ్యాక మామగారి ప్రెస్బిటేరియన్ సంఘం పద్ధతి నాకు తెగ నచ్చింది. పెద్దలను సంఘమే ఎన్నుకుంటుంది. పాస్టరు అయ్యగారు పెద్దలను కాదని ఒంటరిగా ఏదీ నిర్ణయించలేరు. అన్యాయం జరిగిందనిపిస్తే పైన ప్రెస్బిటరీ, అంటే చుట్టుపక్కల సంఘాల అయ్యగార్లూ పెద్దలూ కూడే సభ, ఉంది. ఆ ఇష్టం కొద్దీ నేను కాస్త ఎక్కువే చేశాను.

మా దగ్గర పూర్వం సంఘానికి కానుకగా పిడికెడు బియ్యం పద్ధతి ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది. నెలకోసారి మా అత్తగారు సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. బియ్యం కంటే కబుర్లే ఎక్కువ మోసుకొచ్చేవారు. ఎవరింట్లో డబ్బా అడుగంటిందో ఆవిడకు తెలిసేది, సాయంత్రానికల్లా అయ్యగారి భార్య అమ్మగారికి తెలిసేది. అత్తగారి మోకాళ్ళు అరిగాక మేం చందా కవర్లు తెచ్చాం. కుటుంబానికొక నంబరు, ఏడాదికి పన్నెండు కవర్లు. రెండేళ్ళు చందా రాకపోతే సభ్యత్వ రిజిస్టరు నుంచి పేరు తీసేయాలన్న నియమం నా చేత్తోనే రాశాను.

నలభై ఒకటో నంబరు కాలువ గట్టు మీద ఉండే ఒక విధవరాలిది. వార్షిక సమావేశానికి ముందు ఎర్ర సిరాతో ఆ పేరు కొట్టేశాను. కోరం ఉంది, ఒకరు ప్రతిపాదించారు, ఒకరు బలపరిచారు. ఆమె ఎలా ఉందని ఒక్కరూ అడగలేదు, నాతో సహా.

తీసేసిన వాళ్ళకు నోటీసు స్వయంగా అందించాలన్నది ఇంకో నియమం. అది లేకపోతే ఆ గడప తొక్కేవాణ్ణి కాదు. వెళ్ళేసరికి ఆమె మంచంలో ఉంది. తుంటి ఎముక విరిగి రెండేళ్ళు దాటిందట. నన్ను చూడగానే "కవర్ల కోసం వచ్చారా బాబూ" అంటూ మంచం కింద ఉన్న బిస్కెట్ల డబ్బా తీయమంది. మొత్తం ఇరవై ఆరు కవర్లు. ఒక్కొక్క దాంట్లో పది రూపాయల నోటు, పైన పక్కింటి పిల్ల గుండ్రటి చేతిరాతలో నెల పేరు. వానల చెమ్మకు కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆ పిల్లే సండేస్కూలు నుంచి ఖాళీ కవర్లు తెచ్చిపెట్టేదట. మరి ఆ పిల్లతోనే పంపకపోయారా అంటే, "దేవుడి డబ్బు చిన్నపిల్ల చేతికి ఎలా ఇస్తాం? ఎవరో ఒకరు రాకపోతారా అనుకున్నాను" అంది.

నోటీసు జేబులోనే ఉండిపోయింది. డబ్బా తెచ్చి పెద్దల సభ బల్ల మీద పెట్టాను. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒక పెద్ద, వీటికి పాత తేదీలతో రసీదులు ఇవ్వవచ్చా అని అడిగాడు!

కాబట్టి మీరు నియమాలను తిడుతుంటే నేను ఒప్పుకోను. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చూడండి. ఏడుగురిని ఏర్పరచింది దేనికి? అనుదిన పరిచర్యలో విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని సణుగుడు వచ్చినందుకే. స్కాట్లండులో ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధనకు, వచ్చేవారికి పూర్వం చిన్న లోహపు బిళ్ళలు ఇచ్చేవారు. తర్వాత వాటి చోట కార్డులు వచ్చాయి. తన వంతు ఇళ్ళకు పెద్దే ఆ కార్డులు పట్టుకెళ్ళడం ఆనవాయితీ అయింది. ఇళ్ళకు వెళ్ళడం మానేసి కుర్చీ మాత్రం ఉంచుకున్నది మేమే. ఇప్పుడు పెద్దల ఎన్నికంటే పంచాయతీ ఎన్నికే, భోజనాలతో సహా. అయ్యగారి పుట్టినరోజుకు సెంటర్లో ఫ్లెక్సీ కడతారు. మంచాన పడిన మనిషికి మాత్రం ఫోనులో రెండు చేతులు జోడించిన బొమ్మ.

ఆ తర్వాత ఒక్కో పెద్దకు పన్నెండేసి ఇళ్ళు పంచాం. ప్రభువు బల్ల ఉండే ఆదివారానికి ముందు వెళ్ళి వచ్చి పుస్తకంలో సంతకం పెట్టాలి. టీ కొట్టు దగ్గర కూర్చుని పన్నెండు సంతకాలూ పెట్టేసేవాళ్ళు ఇద్దరున్నారు, నాకు తెలుసు. మిగతావాళ్ళు తిరుగుతున్నారు.

రిజిస్టరులో కొట్టివేతల మీద దిద్దకూడదు. అందుకని ఆమె పేరు చివర కొత్త వరుసలో తొంభై ఏడో నంబరుగా మళ్ళీ రాసి, వెళ్ళి చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించింది.

"నంబరు మారిందా? మరి ఆ పాత కవర్లు చెల్లుతాయా బాబూ?"