కోర్టు ఉత్తర్వు చెల్లదని తర్వాత తేలితే, దాన్ని అమలు చేసిన అమీనాపై (ఉత్తర్వులు అమలు చేసే కోర్టు ఉద్యోగిపై) కేసు నిలుస్తుందా?

సాధారణంగా నిలవదు. భారతీయ న్యాయ సంహిత, 2023లోని 16వ సెక్షన్ (పాత ఐపీసీలో 78) ప్రకారం, అమల్లో ఉన్న కోర్టు ఉత్తర్వును అనుసరించి చేసిన పని నేరం కాదు. ఆ కోర్టుకు అసలు అధికార పరిధే లేకపోయినా సరే. కాకపోతే, పరిధి ఉందని ఆ ఉద్యోగి సద్భావంతో నమ్మి ఉండాలి. తీర్పు తప్పొప్పులు తూచే అధికారం అతనికి లేదు కాబట్టి ఈ రక్షణ న్యాయమేనని నా అభిప్రాయం. సివిల్ దావాల విషయంలో ఇలాంటి రక్షణకు 1850 నాటి జ్యుడీషియల్ ఆఫీసర్స్ ప్రొటెక్షన్ చట్టం ఉంది.

అసలు చిక్కంతా సద్భావం దగ్గరే. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసినదేదీ సద్భావంతో చేసినట్టు కాదని చట్టమే చెబుతోంది. వారంటులోని చిరునామా చూసుకోకుండా అదే పేరున్న మరొకరిని పట్టుకెళ్లినా, స్టే వచ్చిందని తెలిసీ ఇల్లు ఖాళీ చేయించినా ఈ సెక్షన్ ఆదుకోదు.