మేష్టారిని అడగండి: పార్టీ టికెట్టు కోసం కూడా ఓట్లడగాలా?

పోయిన నెల అమెరికా ప్రైమరీల గురించి చిన్న జవాబు ఒకటి రాశాను, అక్కడ అధ్యక్ష పదవికి పార్టీ టికెట్టు ఎవరికివ్వాలో పై నాయకులు కాకుండా ముందు జనమే ఓటేసి తేలుస్తారని. దానికి రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కాశీనగర్ అన్ని వైపుల నుంచీ బోల్డు ఉత్తరాలొచ్చాయి. ఈసారి పేజీ మొత్తం వాటికే.

ప్రశ్న: మేష్టారూ, మా అన్నయ్య అమెరికాలో అయోవా రాష్ట్రంలో చదువుతున్నాడు. మొక్కజొన్న చేలూ పందుల ఫారాలూ తప్ప ఇక్కడేటీ లేదంటాడు. మరి ప్రెసిడెంట్ అవుదామనుకున్నోళ్ళంతా ముందు అక్కడికే ఎందుకు పరిగెడతారు?
– డిగ్రీ విద్యార్థిని, గుణుపురం

జవాబు: ముందు అక్కడే జరిగేది కాబట్టి తల్లీ. రిపబ్లికన్లకి 2024లో కూడా అయోవాయే మొదలు, డెమొక్రాట్లు మాత్రం ఆ ఏడాది సౌత్ కరోలినాని ముందుకి తెచ్చారు. మొదట గెలిచినోడి పేరు మర్నాడు దేశమంతా పేపర్లలో ఉంటుంది, అది చూసి చందాలొస్తాయి, జనం వస్తారు. ఈ కిటుకు బాగా పట్టుకున్నాయన జిమ్మీ కార్టర్. జార్జియాలో వేరుశెనగ రైతు, గవర్నర్‌గా చేశాడు గానీ బయట ఎవరికీ పెద్దగా తెలీదు. 1976లో అయోవాలో ఇంటింటికీ తిరిగాడు, నిజానికి అక్కడ మొదటి స్థానం "ఎవరికో ఇంకా తేల్చుకోలేదు" అన్నవాళ్ళది, కార్టర్‌ది రెండోదే, అయినా పోటీలో ఉన్న మనుషుల్లో ఆయనే ముందున్నాడు కదా, అది చాలింది. ఆయన ఊరివాళ్ళూ చుట్టుపక్కలవాళ్ళూ వేరుశెనగ దళం అని పేరు పెట్టుకుని ఆ తర్వాత ఓటేసే న్యూ హాంప్‌షైర్ రాష్ట్రానికి వెళ్ళి మంచులో తలుపులు కొట్టి మా కార్టర్ మంచోడండీ అని చెప్పొచ్చారు. టీవీలో ఎంత ప్రకటన వేసినా పక్కింటాయన నోటిమాటకి సాటి రాదని నా గట్టి నమ్మకం.

ఇంకో సంగతి, నాకు బాగా నచ్చింది. అయోవాలో టికెట్టు ఎవరికో తేల్చడానికి పెట్టే సభని కాకస్ అంటారు. డెమొక్రాట్ల కాకస్ అంటే 2020 దాకా చాటుగా వేసే ఓటు కాదు, చలికాలం రాత్రి స్కూల్లోనో చర్చి హాల్లోనో చేరి మీ మనిషి గుంపులో మీరు నిలబడాల్సొచ్చేది. 15 శాతం రాని గుంపు మామూలుగా చెదిరిపోయేది, అప్పుడు మిగతావాళ్ళొచ్చి మా వైపు రండి బాబూ అని బతిమాలేవాళ్ళు. అందుకని పక్క అభ్యర్థిని నోటికొచ్చినట్టు తిట్టినోడికి ఆ రాత్రి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు, అందరికీ రెండో ఇష్టంగా ఉండడం కూడా ఒక ఎత్తే. 2008లో ఒబామా మనుషులు ఎప్పుడూ కాకస్ మొహం చూడని కుర్రాళ్ళని పట్టుకుని తీసుకొచ్చారు, వచ్చినవాళ్ళు సుమారు 2.4 లక్షలు, ముందుసారికి దాదాపు రెట్టింపు. హిల్లరీ క్లింటన్ మూడో స్థానానికి పోయింది.

రెండో ఇష్టమేటి అనుకోకు. మన బరంపురంలో పుట్టిన వి.వి.గిరి గారు రాష్ట్రపతి అయిన 1969 ఎన్నిక చూడు. అక్కడ ఓటర్లు ఎంపీలూ ఎమ్మెల్యేలే, కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి గారు, ఇందిరమ్మేమో ఆత్మప్రబోధం ప్రకారం వెయ్యండంది. మొదటి లెక్కలో ఓట్ల విలువ గిరి గారికి 4,01,515, రెడ్డి గారికి 3,13,548, ఎవరికీ సగం దాటలేదు. రెండో ప్రాధాన్యం ఓట్లు కలిపేసరికి 4,20,077కి 4,05,427. అంటే 88 వేల తేడా కాస్తా 15 వేల లోపుకి దిగిపోయింది, ఇంకాస్తయితే చరిత్రే మారిపోను.

ప్రశ్న: డబ్బున్నోడే గెలుస్తాడు కదా సార్, అక్కడైనా ఇక్కడైనా? ఈ ప్రచారం గిచారం అంతా పైపై మాటలే కదా?
– పేపర్ మిల్లు కార్మికుడు, రాయగడ

జవాబు: డబ్బు అక్కర్లేదని నేననను బాబూ, కానీ డబ్బే అంతా అయితే 2020లో మైఖేల్ బ్లూమ్‌బెర్గ్ గెలవాలి. న్యూయార్క్ మాజీ మేయర్, కోటీశ్వరుడు, మొదటి నాలుగు రాష్ట్రాలూ వదిలేసి బోల్డు రాష్ట్రాలు ఒకే రోజు ఓటేసే సూపర్ ట్యూస్‌డే మీద 50 కోట్ల డాలర్లకి పైగా పోశాడు, చివరికి గెలిచింది అమెరికన్ సమోవా అనే దీవులొక్కటే, మర్నాడు తప్పుకున్నాడు. అదే ఏడాది జో బైడెన్ అయోవాలో నాలుగు, న్యూ హాంప్‌షైర్‌లో ఐదు, చేతిలో డబ్బు కూడా అంతంతమాత్రం. కానీ సౌత్ కరోలినాలో డెమొక్రాట్ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతివాళ్ళు, వాళ్ళతో ఆయనది ఏళ్ళనాటి పరిచయం, వాళ్ళు గౌరవించే అక్కడి నల్లజాతి ఎంపీ జిమ్ క్లైబర్న్ ఫిబ్రవరి 26న ఈయనే మన మనిషి అన్నాడు, 29న బైడెన్ ఘనంగా గెలిచాడు, మూడు రోజులకి సూపర్ ట్యూస్‌డేలో 14 రాష్ట్రాల్లో 10 తీసుకున్నాడు. పెద్దమనిషి మాటకి విలువ రావాలంటే ముందు ఆయన ఆ జనం మధ్య బతికినవాడై ఉండాలి, అది కొంటే దొరకదు.

ప్రశ్న: ఎక్కువ ఓట్లొచ్చినోళ్ళకే టికెట్టు కదా, మరి ఈ డెలిగేట్ల లెక్కేటి మేష్టారూ?
– లెక్కల టీచర్, పర్లాకిమిడి

జవాబు: మీకు ఇది సరదాగా ఉంటుంది చూడండి. జనం ఓటు నేరుగా టికెట్టు ఇవ్వదు, పార్టీ మహాసభకి వెళ్ళి టికెట్టు తేల్చే ప్రతినిధుల్ని, అంటే డెలిగేట్లని, అభ్యర్థులకి పంచుతుంది. డెమొక్రాట్లు 15 శాతం దాటినవాళ్ళకి ఓట్ల దామాషాలో పంచుతారు, రిపబ్లికన్లలో కొన్ని రాష్ట్రాలు గెలిచినోడికి మొత్తం ఇచ్చేస్తాయి, 2016లో ఫ్లోరిడా 99 మందీ ట్రంప్‌కే పోయారు. దామాషా ఉన్నచోట పెద్ద రాష్ట్రంలో కొద్ది తేడాతో గెలవడం కంటే ఎవరూ పట్టించుకోని చోట భారీగా గెలవడం లాభం. 2008లో న్యూజెర్సీలో 11 లక్షల పైన ఓట్లు పడ్డాయి, అక్కడ హిల్లరీకి 59 మంది ప్రతినిధులు, ఒబామాకి 48, అంటే ఆమెకి 11 ఎక్కువ. అదే రోజు ఐడహో కాకస్‌కి వచ్చింది 21 వేల మందే, అక్కడ ఒబామాకి 15, ఆమెకి 3, ఈయనకి 12 ఎక్కువ! ఐడహోలో ఆఫీసు తెరిచి మనుషుల్ని పెట్టిన ఫలితం అది. రేపు క్లాసులో పిల్లలకి దామాషా చెప్పేటప్పుడు ఈ లెక్క వెయ్యండి, మర్చిపోరు.

ప్రశ్న: మన దేశంలో ఇలాటిది ఎప్పుడైనా జరిగిందా?
– షాపు యజమాని, జయపురం

జవాబు: 2014లో కాంగ్రెస్ పార్టీ కొన్ని లోక్‌సభ స్థానాల్లో పెట్టి చూసింది, ఓటు పార్టీవాళ్ళకే, మామూలు జనానికి కాదు. వడోదరలో అలా గెలిచినాయన తర్వాత పక్కకి జరిగాడు, పోటీ వేరే నాయకుడు చేశాడు. అలాగైతే పార్టీవాళ్ళకి నమ్మకం ఎలా కుదురుతుంది చెప్పండి.

ప్రశ్న: మేష్టారూ, ఎన్నికలొస్తే మా వీధికొచ్చి అందరూ తెలుగులో దండాలెడతారు, తర్వాత మా పిల్లల తెలుగు బడి సంగతి అడిగితే పలకరు. అమెరికాలోనైనా ఓటరుకి నచ్చే మాటే చెప్తారా, నిజం చెప్తారా?
– గృహిణి, కాశీనగర్

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తెలుగు ఓటుకి మన ఒడిశా నేల మీద బలం ఉందనే కదా 1996లో పి.వి.నరసింహారావు గారు నంద్యాలతో పాటు బరంపురంలో కూడా నిలబడ్డారు, రెండూ గెలిచి బరంపురమే ఉంచుకున్నారు. భాషలో పలకరిస్తే మనసు కరుగుతుంది, అందులో తప్పులేదు, నాకూ కరుగుతుంది. కానీ పలకరింపుతో ఆపేస్తే అది మోసమే.

అయోవాలో ఇలాటిదే ఒకటుంది. మొక్కజొన్న నుంచి ఇథనాల్ తీస్తారు, దాన్ని పెట్రోలులో కలపాలన్న ప్రభుత్వ నియమం మీద బోల్డుమంది రైతుల రాబడి ఆధారపడింది, అందుకే ఓట్లకొచ్చినోడల్లా ఇథనాల్‌కి జై కొడతాడు. 2016లో రిపబ్లికన్ టికెట్టు కోసం నిలబడ్డ టెక్సస్ సెనేటర్ టెడ్ క్రూజ్ మాత్రం ఆ నియమం మెల్లగా ఎత్తేయాలన్నాడు, అక్కడి గవర్నరు ఆయన్ని ఓడించండని బాహాటంగానే చెప్పాడు. ఆయన రాజకీయం నాకు నచ్చదు, అది వేరే విషయం, కానీ 99 కౌంటీలూ తిరిగి చర్చిలవాళ్ళని ఒక్కొక్కరినీ కలిసి, ఇథనాల్ మీద ఎదురు ప్రశ్నలకి కూడా జవాబు చెప్పి అయోవాలో ట్రంప్ మీద గెలిచాడు. ఓటరు కాదనే మాట కూడా ఎదురుగా నిలబడి చెప్తే వింటాడన్నమాట.

మీరు కూడా ఈసారి దండం పెట్టినోడిని గుమ్మం దగ్గరే ఆపి, మా బడికి తెలుగు టీచర్ని ఎప్పటికి వేయిస్తావు బాబూ అని అడగండి, నలుగురు ఆడవాళ్ళు పక్కనుండగా అడగండి. ఏం చెప్పాడో తారీఖు వేసి నాకు రాయండి, ఈ పేజీలోనే వేస్తాను.