డాక్టర్ సలహా: ఆపరేషన్ కుదరదంటే వైద్యం లేదని కాదు

ప్రశ్న: మా నాన్నగారికి 54 ఏళ్లు. హిందూపురం నుంచి మా దగ్గరికి తీసుకొచ్చాం. ఆరు నెలలుగా ఎడమ చెవి దిబ్బడ, తర్వాత మెడలో గడ్డ. ఈమధ్య ఒక వస్తువు రెండుగా కనిపిస్తోందంటున్నారు. ఎమ్మారై చూసి, ముక్కు వెనక క్యాన్సర్‌లా ఉంది, పుర్రె ఎముకలోకి పాకింది, ఆపరేషన్ కుదరదు అన్నారు. ఇక ఆశ లేదా డాక్టరుగారూ?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఆశ వదులుకోకండి. ఈ క్యాన్సర్ చిన్నగా ఉన్నా మొదట చేసేది ఆపరేషన్ కాదు, రేడియేషనే. గడ్డ పుర్రె అడుగున, మెదడుకు వెళ్లే రక్తనాళాల పక్కనే ఉంటుంది కాబట్టి కత్తి పెట్టడం కష్టం. కానీ రేడియేషన్‌కు బాగా లొంగుతుంది.

ముక్కు వెనక నుంచి చెవికి వెళ్లే గొట్టాన్ని గడ్డ మూసేస్తే కర్ణభేరి వెనక నీరు చేరి దిబ్బడ వేస్తుంది. పెద్దవాళ్లలో ఒక్క చెవికే ఇలా వచ్చి తగ్గకపోతే ముక్కులోకి ఎండోస్కోప్ పెట్టి చూడాలి. చుక్కల మందులతోనే నెలలు గడిచిపోవడం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఇక రెండుగా కనిపించడం అంటారా, కంటిని బయటివైపుకు తిప్పే ఆరో నరం నొక్కుకుపోయి ఉండొచ్చు.

ముందు ఎండోస్కోపీలో ముక్క తీసి బయాప్సీ చేయించండి. అది లేకుండా ఏ చికిత్సా మొదలుపెట్టరు. ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకలకు పాకిందేమో చూడ్డానికి పెట్ సీటీ స్కాన్ తీస్తారు. ఈ క్యాన్సర్‌తో సంబంధమున్న ఈబీవీ అనే వైరస్ డీఎన్‌ఏ రక్తంలో ఉందేమో కూడా చూస్తారు. రిపోర్టులో నాలుగో దశ అని ఉంటే బెంబేలు పడకండి. దూరపు అవయవాలకు పాకకపోయినా, నరం దెబ్బతింటే చాలాచోట్ల అలాగే రాస్తారు.

దూరంగా పాకలేదని తేలితే, పూర్తిగా నయం చేయాలనే చికిత్స చేస్తారు. అందరికీ నయమవుతుందని మాత్రం మాట ఇవ్వలేను. సాధారణంగా జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ కీమో మూడు వారాలకోసారి మూడు విడతలు ఇస్తారు. తర్వాత వారానికి ఐదు రోజుల చొప్పున దాదాపు ఏడు వారాలు ఐఎంఆర్‌టీ (గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాలు పెట్టే పద్ధతి) రేడియేషన్, దాంతోపాటే సిస్‌ప్లాటిన్. సిస్‌ప్లాటిన్ దెబ్బతీసే వీలుంది కాబట్టి కిడ్నీలు, వినికిడి ముందే పరీక్షిస్తారు. ఇవన్నీ హోసూరు రోడ్డులోని కిద్వాయ్ ప్రభుత్వ ఆసుపత్రిలో అడగొచ్చు.

రేడియేషన్‌కు ముందే పళ్ల డాక్టరుకు చూపించండి. పాడైన పళ్లు తర్వాత పీకిస్తే దవడ ఎముక మానకపోవచ్చు. నోరు పూసి మింగలేని రోజులొస్తాయి, రాగిజావ, మెత్తని పెరుగన్నం పెట్టండి, బరువు తగ్గనివ్వకండి. పండగకని ఊరెళ్లి మధ్యలో రేడియేషన్ ఆపితే గడ్డ మళ్లీ పుంజుకుంటుంది. చూపు కుదుటపడేదాకా ఒక కన్ను మూసి ఉంచితే బొమ్మ ఒకటిగానే కనిపిస్తుంది. బండి మాత్రం నడపనివ్వకండి.