ముందు స్టేజీ అంచు చూసుకో

చిన్నీ,

మీ నాటకం మూడు ఊళ్ళకి వెళ్తోందని మీ నాన్న నిన్న ఫోన్ చేసి చెప్పాడు. చెన్నై మ్యూజియం థియేటర్, ముంబై రాయల్ ఒపేరా హౌస్, సిమ్లా గెయిటీ థియేటర్. స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్‌లా వరసపెట్టి చదివాడు. ఫోన్ పెట్టేసిన వెంటనే పక్కింటావిడకి చెప్పేశాను, ఆవిడ అడక్కపోయినా. రాత్రికి మాత్రం కంటి మీద కునుకు లేదు. గర్వం కొంతే, మిగతాదంతా భయం. ఎందుకో కింద రాస్తాను, నవ్వకుండా చదువు.

బట్టలు, మందులు, ఛార్జర్ సర్దుకోవడం నీకు నేను చెప్పక్కర్లేదు. రోజుకి ఎంతిస్తారో, రైలా విమానమా, షో రద్దయితే ఎవరు ఖర్చు పెట్టుకోవాలో కాగితం మీద రాయించుకో. "మనోళ్ళే కదా" అనుకున్న చోటే డబ్బులు ఎగిరిపోతాయి.

ఆ పేర్లు విని బెదిరిపోకు. సిమ్లా గెయిటీ తలుపులు తెరిచింది 1887లో. అంతకు రెండేళ్ళ ముందే కడప జిల్లా సురభి ఊళ్ళో మనవాళ్ళు కీచకవధ ఆడి, ఇంటిల్లిపాదీ రంగు పూసుకోవడం మొదలెట్టేశారు. మ్యూజియం థియేటర్ కట్టింది 1896లో. అప్పటికి నాలుగేళ్ళ క్రితమే ఇక్కడ మన పక్కనున్న విజయనగరంలో కన్యాశుల్కం ఆడారు. ముంబై ఒపేరా హౌస్‌ని అయిదో జార్జి చక్రవర్తి వచ్చి ప్రారంభించింది 1911లో. కాబట్టి వాళ్ళ గుమ్మం ముందు నువ్వు బిక్కుబిక్కుమంటూ నిలబడక్కర్లేదు. అలాగని ఇక్కడ మన విశాఖలో కళాభారతిలోనూ గురజాడ కళాక్షేత్రంలోనూ ఆడాను కదా, ఏ స్టేజీ అయినా ఒకటే అని మాత్రం అనుకోకు. ఆ మాట అన్న మనిషిని ఒకరిని చూశాను నేను.

మా బృందంలో హీరో వేషాలన్నీ ఆయనే వేసేవాడు. పేరు వద్దులే, ఆయన మనవలు నీకు తెలుసు. మంచి గొంతు, మంచి రూపం, నోట్లో ఎప్పుడూ కిళ్ళీ. ఏ ఊరెళ్ళినా మేం సామాన్లు దింపుకుంటుంటే ఆయన మాత్రం దండలేయించుకోవడానికి వెళ్ళిపోయేవాడు. ఒకసారి ఇంకో రాష్ట్రంలో ఒక పెద్ద పాతకాలపు హాల్లో మా నాటకం పెట్టారు. రైలు ఆలస్యమయ్యి మధ్యాహ్నం దిగాం. అక్కడి తెలుగువాళ్ళు భోజనాలకి పిలిచారు. "స్టేజీ ఒకసారి నడిచి చూడండి సార్" అని మా లైటింగ్ కుర్రాడు బతిమాలాడు. "పాతికేళ్ళుగా నడుస్తూనే ఉన్నాను, నాకు నడక నేర్పుతావేటిరా" అని ఆయన పప్పూ పులిహోరా తినడానికి వెళ్ళిపోయాడు.

రెండో రంగం చివర లైట్లు ఆరిపోవాలి. ఆ చీకట్లో ఆయన ఆరడుగులు ముందుకేసి నిలబడితే, మళ్ళీ ఆయన మొహం మీద వెలుగు పడాలి. మన హాళ్ళలో ఆరడుగులేస్తే ఇంకా బోలెడంత స్టేజీ మిగిలేది. అక్కడ వెనకాల రంగుల తెరలు ఎక్కువై మా సెట్టింగు ముందుకు జరిగింది. పైగా ఆ స్టేజీ ముందర వాద్యాలవాళ్ళు కూర్చోడానికి గొయ్యి ఉంది, మనిషి లోతు. మాకు అలాంటిది అలవాటే లేదు. మన హార్మోనిస్టు స్టేజీ మీదే ఓ పక్కన కూర్చుంటాడు కదా.

లైట్లు ఆరాయి. నేను వింగ్‌లో, స్టేజీ పక్క మరుగున ఉన్నాను. మెత్తటిదేదో పడ్డట్టు శబ్దం వినపడింది. కేకా లేదు, ఏమీ లేదు. మళ్ళీ వెలుగొచ్చేసరికి ఆయన ఉండాల్సిన చోట స్టేజీ చెక్కలే ఉన్నాయి. సరిగ్గా అంచు మీద ఆయన వేషానికి పెట్టుకున్న కళ్ళజోడు, ఒక కాడ కిందకి వేలాడుతూ. జనం చప్పట్లు కొట్టారు, తెలుసా? మాయం చేసేశారు, భలే ట్రిక్కు అనుకున్నారు. పరదా లాగే మనిషికి ఏం జరిగిందో అర్థం కాక తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేను బయటికెళ్ళి నా డైలాగు సగం ఖాళీ గాలితో చెప్పాల్సి వచ్చింది. నా మాటల మధ్యలో గోతిలోంచి ఆయన మూలుగు మొదలైంది. అప్పుడు పడింది పరదా.

తుంటి విరిగింది. ప్రాణానికి ఏమీ కాలేదు కానీ మళ్ళీ వేషం కట్టలేదు. ఆ తర్వాత మా నాటకాలకి ప్రాంప్టింగ్ చెప్పేవాడు. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, మా అందరికన్నా ముందొచ్చి, స్టేజీ కొలిచే పని తనే చేసేవాడు. కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు ఆయన్ని చూసి చాదస్తం అనుకునేవారు.

అందుకే చెప్తున్నాను పిల్లా, నీ డైరెక్టర్ ఏమన్నా సరే, నీకు మొహమాటమైనా సరే, మేకప్‌కి కూర్చునే ముందు చెప్పులు విప్పి స్టేజీ అంతా నడువు. నీ అడుగులతో లెక్కపెట్టు. తర్వాత లైట్లు ఆర్పించి మళ్ళీ నడువు. అంచు పొడుగునా రేడియం టేపు వేయించు. పాత చెక్క నేల, మేకులు కొట్టనివ్వరు, రంగు పూయనివ్వరు, టేపుకైనా ముందు అడగండి. చీకటి పడబోతోందని తెలిసినప్పుడు కాస్త ముందుగానే ఒక కన్ను మూసుకో. లైట్లు ఆరాక ఆ కన్ను తెరిస్తే కొంచెమైనా ఆనవాలు తెలుస్తుంది. ఇది మా లైటింగ్ కుర్రాడు నేర్పిన కిటుకే.

ఇక గొంతు. మ్యూజియం థియేటర్‌లో సీట్లు అర్ధచంద్రాకారంగా మెట్లు మెట్లుగా పైకి వెళ్తాయి, జనం నీ మీదకి వంగి చూస్తున్నట్టు ఉంటుంది. ఇలాంటి హాళ్ళు మైకుల కాలం కన్నా ముందువి. మధ్యాహ్నం ఖాళీ హాల్లో రిహార్సల్ చేస్తే నీ మాట గంట కొట్టినట్టు మోగుతుంది. మురిసిపోకు. సాయంత్రం అవే కుర్చీల్లో మనుషులు కూర్చుంటే వాళ్ళ ఒళ్ళూ బట్టలూ సగం శబ్దం తాగేస్తాయి. ఖాళీ హాల్లో చాలనిపించిన గొంతు నిండిన హాల్లో చాలదు. బాల్కనీ కింద వెనక వరసలు మరీ మొండివి. అక్కడ ఒకరిని కూర్చోబెట్టి వినమను. ఇంకోటి. నీకు వాక్యం చివర గొంతు దించేసే అలవాటుంది, చిన్నప్పుడు పద్యాలు అప్పజెప్పేటప్పటినుంచీ అంతే. తెలుగులో అసలు సంగతంతా ఆ చివరే ఉంటుంది. వాడొచ్చాడో రాలేదో, చంపాడో వదిలేశాడో ఆఖరి మాటలోనే తెలియాలి. అది మింగేస్తే వెనకవాడికి కథే లేదు.

ముంబై హాలు చాలా ఏళ్ళు మూతపడి, బాగుచేశాక 2016లో మళ్ళీ తెరిచారు. ఆ స్టేజీ మీద మరాఠీ నాటకాల నటుడు బాలగంధర్వ ఆడవేషాలు కట్టాడు. మనకి స్థానం నరసింహారావు గారు సత్యభామ వేసినట్టే. మా నానమ్మ, "మగాడే అంత చక్కటి భామ అయితే ఇంక మనమెందుకే" అనేది. నేను నాటకాల్లోకి వెళ్తానంటే ఆవిడే నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు అక్కడ నువ్వు ఆడపిల్లవి ఆడపిల్ల వేషమే వేస్తున్నావు. ఈ ముక్క ఫోన్‌లో మీ నాన్నతో చెప్పి ఏడ్చాను, వాడు నీకు చెప్పి ఉండడు.

సిమ్లాకి మాత్రం ఒకరోజు ముందే చేరండి. సముద్రం పక్క ఉప్పుగాలికి అలవాటు పడ్డ గొంతు నీది. అక్కడ రెండు వేల మీటర్ల పైన చలి, పొడిగాలి. మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంది, ఇంక పొడుగు డైలాగు సంగతి చెప్పాలా? ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మళ్ళీ గుర్తులు పెట్టుకో. మీ తబలా అతనికి చెప్పు, మన తేమకి శృతి చేసిన వాద్యం అక్కడ మాట వినదు. హాలు చిన్నది, అరవకు. మఫ్లర్ కట్టుకో, ఫోటోల కోసం విప్పకు.

చెన్నై షోకి నేను వస్తున్నాను. మోకాళ్ళ సంగతి మీ నాన్న ఎత్తితే పట్టించుకోకు. వాడు ముందు వరసలో కూర్చుంటానంటే కూర్చోనీ. నాకు అన్నిటికన్నా వెనక వరసలో, దారి పక్క సీటు తియ్యి. నీ మాట చివర నాకు వినపడకపోతే తెల్ల చేతిరుమాలు ఎత్తుతాను, చూసుకో.

మీ అత్త
మహారాణిపేట, విశాఖపట్నం