మిరాబో వంతెన కింద పది అక్షరాలు

అమ్మాయీ,

‘మిరాబో వంతెన’ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫ్రెంచి కవి అపోలినేర్ రాసిన ఆ ప్రేమ కవితని అనువాదంలో కాకుండా ఫ్రెంచిలోనే చదివి రాశావు, చాలా సంతోషం. కానీ ‘అంత్యప్రాసలు సంగీతాన్ని పెంచాయి, పునరుక్తి భావాన్ని గాఢం చేసింది’ అన్న వాక్యాన్ని కొట్టేశాను. ఆ వాక్యం ఏ కవిత కింద పెట్టినా అతుక్కుంటుంది. ఈ కవితలో మాత్రమే ఏం జరిగిందో నాకు కావాలి.

ముందు లెక్క సరిచేసుకో. మొదటి పాదంలో నీకు తొమ్మిది అక్షరాలు వచ్చాయి. మొదట్లో నాకూ తొమ్మిదే వచ్చి, ఎక్కడ తప్పానో తెలియక చాలా టెన్షన్ పడ్డాను. మామూలు మాటల్లో ‘కూల్ లా సెన్’ అనేస్తారు. పద్యంలో అలా కుదరదు. పదం చివర మింగేసే ఆ చిన్న అచ్చు తర్వాత హల్లు వస్తే పలకాలి. అచ్చు వస్తే మన సంధిలో లాగా లోపిస్తుంది. పాదం చివర ఉంటే లెక్కలోకి రాదు. ఇప్పుడు పైకి చదువు: సూ లె పోఁ మిరాబో, కూలె లా సెన్. ‘మిరాబో వంతెన కింద పారుతోంది సెన్ నది’ అని. ఆరూ నాలుగూ పది. గురులఘువులు వెతక్కు, ఆ ఛందస్సు అక్షరాల సంఖ్య మీదే నడుస్తుంది. మధ్యలో ఉన్న విరుపుని యతి అన్నావు. తెలుగు పాఠకుడు యతి అనగానే అక్షరమైత్రి వెతుకుతాడు, ఇక్కడ ఉన్నది ఊపిరి ఆగే చోటు మాత్రమే. విరుపు అంటే చాలు.

ఆ విరుపు ఎక్కడ పడిందో చూడు. ఆరు అక్షరాల్లో వంతెన నిలబడింది, మిగిలిన నాలుగింటిలో నది పారింది. పైగా ‘కూలె’, అంటే పారుతోంది అన్న క్రియ, నది పేరు కంటే ముందొచ్చింది. నీళ్ల కదలిక ముందు, సెన్ తర్వాత.

1912లో పత్రికలో అచ్చయినప్పుడు ఒక్కో చరణానికి పది అక్షరాల పాదాలు మూడే. 1913లో పుస్తకంలోకి వచ్చేసరికి రెండో పాదాన్ని నాలుగూ ఆరుగా విరిచి రెండు వరసలు చేశాడు, కామాలూ ఫుల్‌స్టాపులూ తీసేశాడు. దీనికి నువ్వు ఒక్క వాక్యం ఇచ్చావు, ఒక పేజీ ఇవ్వాల్సింది. విరిచాక మొదటి చరణంలో ఒంటరిగా మిగిలిన ముక్క ‘ఎ నోజ్ అమూర్’, ‘మన ప్రేమలూ’ అని. సెన్, సువియెన్, పెన్ అని తక్కిన మూడు వరసలకీ ప్రాస కుదిరింది. ప్రేమ అన్న మాటకి మాత్రం ఆ చరణంలో జోడు లేదు. కామా కూడా లేదు కాబట్టి, నదితో పాటు ప్రేమలూ పారుతున్నాయా, లేక వాటిని గుర్తు చేసుకోవాలా అని అడుగుతున్నాడా, తేల్చి చెప్పలేం. తేల్చకు. రెండు అర్థాలూ రాయి.

ప్రాసల్లో ఇంకొకటి వదిలేశావు. అన్నీ ఫ్రెంచివాళ్లు స్త్రీ ప్రాసలనేవే, అంటే చివర ఆ మింగేసే అచ్చు ఉన్నవే. పాత నియమం ప్రకారం స్త్రీ, పురుష ప్రాసలు మారుతూ రావాలి. అది పాటించకపోవడంతో ఏ ప్రాసా ఠక్కున ఆగదు, కొంచెం సాగి వదులుతుంది. పల్లవిలో కూడా అంతే: ఓర్, దెమోర్. ‘రాత్రి రానీ, గంట కొట్టనీ, రోజులు పోతున్నాయి, నేనుంటాను’ అని నాలుగుసార్లు వచ్చే పల్లవి అది. చరణం పదితో నడిస్తే పల్లవి పాదాలు ఏడేసి అక్షరాలవి. నది ఒక నడక, ఒడ్డున నిలబడ్డవాడిది ఇంకో నడక. చివరి చరణం చివర మొదటి పాదమే తిరిగొస్తుంది. దానికి ముందు వరసలోనే ‘ప్రేమలు తిరిగి రావు’ అన్నాడు. రానిది ప్రేమ, వచ్చింది పాదం. పునరుక్తి గురించి రాయాల్సింది ఇక్కడ.

అతని ప్రియురాలు, చిత్రకారిణి మారీ లొరాన్సాన్ కథకి నువ్వు మూడు పేజీలిచ్చావు. రెండు వాక్యాలకి తగ్గించు. వాళ్లు విడిపోయిన సంగతి తెలియకపోయినా ‘దెమోర్’, అంటే ‘ఉంటాను’ అన్న మాట దగ్గర గొంతు పట్టుకుంటుంది.

మూడో చరణంలో నాకు ప్రాణమైన చోటు ఒకటుంది. ‘కొమ్’ అన్న మాట అక్కడ మూడుసార్లు వస్తుంది. మొదటిసారి ‘లాగా’ అని, తర్వాత రెండుసార్లు ‘ఎంత’ అని అర్థం. ప్రేమ ఈ పారే నీటిలాగా పోతోంది, బతుకు ఎంత నిదానం, ఆశ ఎంత ఉధృతం. మాట ఒకటే, అర్థం మారింది. మన యమకం తెలిసిన చెవికి ఇది వెంటనే తగులుతుంది. దాని కంటే లోతుగా ఇంకొకటి ఉంది. ‘నిదానం’ ఉన్న వరస ‘వి ఎ లాంత్’ అని ముగుస్తుంది, ‘ఉధృతం’ ఉన్నది ‘వి ఒ లాంత్’ అని. పది లెక్క తప్పకూడదంటే ఆ ‘వి’నీ ‘ఒ’నీ విడదీసి పలకాల్సిందే. విడదీసి రెండు వరసలూ ఒకదాని వెంట ఒకటి పైకి చదువు. కనీసం పదిసార్లు చదివి, నీకేం వినపడిందో ఆ ఒక్క చరణం మీదే రాసి వచ్చే వారానికి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మాస్టారు