సమాధానం: జెల్డా వీడియో గేమ్ ఒకరినా ఆఫ్ టైమ్ చివరి పోరు, విలన్ గానన్‌డార్ఫ్ మళ్లీ లేస్తున్నాడు

గానన్‌డార్ఫ్ విసిరే మెరుపు బంతిని కత్తితో తిప్పికొట్టగలుగుతున్నారు, అతనికి తగులుతోంది కూడా, కానీ మీరు దగ్గరికెళ్లేలోపే తేరుకుంటున్నాడన్నారు కదా. మధ్యలో ఒక మెట్టు తప్పింది. బంతి తగిలి గాల్లో గిలగిల్లాడేటప్పుడే లైట్ యారో (కాంతి బాణం) వెయ్యాలి. అప్పుడే నడిమి దిమ్మ మీద కూలబడతాడు. వెంటనే దూకి నరకండి. దూకితే కింద పడుతున్నారా? కాసేపు గాల్లో తేల్చే హోవర్ బూట్స్ వేసుకోండి. అతను చెయ్యి పైకెత్తి పెద్ద బంతి పోగేస్తే అది ముక్కలై వస్తుంది, మామూలు వేటు చాలదు. ముందే బలం నింపుకుని స్పిన్ అటాక్ (గిర్రున తిరుగుతూ కత్తి వేటు) కొట్టండి. ప్రతి లైట్ యారోకీ మ్యాజిక్ ఖర్చవుతుంది, అందుకే మ్యాజిక్‌ని మళ్లీ నింపే నీలం మందు ఒక సీసా తప్పనిసరి.

అతను పడ్డాక కోట కూలేలోపు బయటపడడానికి 3 నిమిషాలే.

తర్వాత అతనే మృగంగా మారి గానన్‌గా వస్తాడు, మీ కత్తి మాస్టర్ స్వోర్డ్‌ను మంటల వలయం అవతలికి ఎగరగొడతాడు. కంగారొద్దు. ముఖానికి లైట్ యారో వేసి, తడబడగానే కాళ్ల మధ్య నుంచి దొర్లి వెనక్కి చేరి తోక మీద మెగాటన్ హ్యామర్‌తో మోదండి. బిగ్గోరన్ కత్తి ఉంటే అదే మేలు, అందుబాటు దూరం ఎక్కువ. అతను కుప్పకూలి మంటలు తగ్గగానే మాస్టర్ స్వోర్డ్ తెచ్చుకోండి: ఆఖరి వేటు దానితోనే పడాలి, ఇంకేదీ పనిచేయదు.